గొడుగమ్మ రాకెట్టు

ఇంజనీరింగ్ కాలేజీ రాకెట్ జట్టులో ఆ అమ్మాయిని అందరూ గొడుగమ్మ అనే పిలిచేవారు. బస్సు డ్రైవరు కూతురు. సన్నగా, రివటలా ఉంటుంది. జట్టులో ఒకరు ఇంజను చూస్తే, ఇంకొకరు గొట్టం సంగతి చూస్తే, ఆమె వాటాకు పారాచూట్ వచ్చింది. పైకెళ్ళిన రాకెట్టును పదిలంగా నేలకు దించే పూచీ ఆమెదే. ఆ పేరూ అందుకే.

మొదటి ప్రయోగంలో సరిగ్గా అదే బెడిసికొట్టింది. రాకెట్టు నిప్పులు కక్కుతూ నిటారుగా లేచింది. అందరూ ఈలలు వేశారు. పైకెళ్ళాక మాత్రం పారాచూట్ విచ్చుకోలేదు. రాకెట్టు తలకిందులుగా రివ్వున వచ్చి బీడు నేలలో సగం దాకా దిగబడింది.

"చూసినవాళ్ళు మనం బోరు వేయడానికొచ్చామనుకుంటారు" అని జట్టు నాయకురాలు నవ్వించబోయింది. గొడుగమ్మకు నవ్వు రాలేదు. ఇంతమంది కష్టం తన వల్ల మట్టిపాలైందని లోలోపల కుమిలిపోయింది. మర్నాటి నుంచి వర్క్‌షాపు ఛాయలకే పోలేదు.

చూసీ చూసీ నాయకురాలే ఇంటికి వచ్చింది. చంకలో సొట్టపోయిన గొట్టం ఉంది.

"తిట్టడానికి రాలేదులే, భయపడకు. అసలు పారాచూట్ ఎందుకు తెరుచుకోలేదు? నువ్వు కాకపోతే ఇంకెవరు చెప్తారు?"

గొడుగమ్మ గొట్టంలోంచి బట్టను బయటికి లాగింది. మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తాళ్ళు చిక్కులు పడి ఉండకట్టాయి.

"నిండిన పెట్టెలో దుప్పటి కుక్కినట్టు కుక్కేశాను" అంది నెమ్మదిగా.

నాయకురాలు ఫక్కున నవ్వింది. ఈసారి గొడుగమ్మకూ నవ్వాగలేదు.

ఇక ఆ ఇల్లే వర్క్‌షాపు అయిపోయింది. డ్యూటీ దిగి వచ్చిన నాన్న తాళ్ళు పట్టుకుని నిలబడేవాడు. గొడుగమ్మ తను కుట్టిన పారాచూట్‌ను కొత్త తీరులో మడతపెట్టి, నీళ్ళ సీసా కట్టి మేడ మీద నుంచి వదిలేది. మొదట్లో సీసాలు దబ్బుమని పడి పగిలేవి. పోను పోను, వయ్యారంగా ఊగుతూ దిగడం నేర్చాయి.

ఒకరోజు నానమ్మ ఇల్లంతా వెతికింది.

"నా పౌడరు డబ్బా ఏదే?"

"పారాచూట్‌కి రాశాను నానమ్మా. మడతలు అంటుకోకుండా ఉంటాయని."

"ముస్తాబై మరీ వెళ్తుందా? ఎక్కడికట, ఫొటో దిగడానికా?"

రెండో ప్రయోగం నాడు నాన్న సెలవు పెట్టి మరీ వచ్చాడు. మీట నొక్కారు. గుండెలదిరేలా చప్పుడు చేస్తూ రాకెట్టు లేచింది. గొడుగమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరువమ్మా! పైకి చూడు!" నాన్న ఆమె భుజాలు పట్టి కుదిపేశాడు.

ఆకాశంలో నారింజ రంగు పువ్వొకటి విచ్చుకుని ఉంది. దాని కింద రాకెట్టు ఉయ్యాల ఊగుతోంది. గొడుగమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇంతలో గాలి ఆ పువ్వును ఇళ్ళ వైపు నెట్టింది. అందరూ పడుతూ లేస్తూ దాని వెంట పరుగెత్తారు.

అది ఒక పెరట్లో, ఆరేసిన బట్టల మీద వాలింది. పక్కనే ఇంటావిడ నడుముకి చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరిదిది?"

"నాదే ఆంటీ! నేనే కుట్టాను!" అని రొప్పుతూనే అరిచింది గొడుగమ్మ.

ఆవిడ కోపమంతా ఎటు పోయిందో! బట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు బాగా కుదిరిందమ్మా" అని మెచ్చుకుంది. అందరికీ చల్లటి మజ్జిగ ఇచ్చి, "మళ్ళీ ఎప్పుడు వదులుతారో ముందే చెప్పండి. నేనూ వచ్చి చూస్తాను" అంది.

చెక్కు చెదరని రాకెట్టును నాన్న భుజాన వేసుకుని ముందు నడిచాడు. దారిలో ఎదురైన ప్రతివాడినీ ఆపి, "మా అమ్మాయే దించింది" అని చెప్పుకున్నాడు. వెనకాల గొడుగమ్మ సిగ్గుతో చచ్చిపోతూనే, చెవులు రిక్కించి ప్రతిసారీ వింది.