నేను తినని సేపుపండు

నా చిన్నప్పుడు మా ఊళ్లో సేపుపండు పేరెత్తితే అందరికీ దవాఖానే గుర్తుకొచ్చేది. ఇప్పుడు యాపిల్ అంటున్న పండునే మేము సేపుపండు అనేవాళ్లం. అది ఎక్కడో కాశ్మీరులో కాస్తుందనీ, రైలెక్కి హైదరాబాదు దాకా వస్తుందనీ, అక్కడినుంచి మా దేవరకొండ వైపు రావాలంటే ఎవరో ఒకరు మంచం పట్టాలనీ పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఊళ్లో దాన్ని తిన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లూ జబ్బుపడి తిన్నవాళ్లే. మా గుట్టల మీద సీతాఫలాలు రాలి చీమలు పట్టేటన్ని ఉండేవి కాబట్టి వాటిని మేము పండ్లుగా లెక్కపెట్టేవాళ్లమే కాదు.

మాది గొర్రెలు, మేకలు పెంచే ఇల్లు. బాపు ఏడాదికోసారి గొర్రెలు అమ్మడానికి హైదరాబాదు పోయేవాడు. ఒకసారి తిరిగొచ్చి, అక్కడి పండ్ల అంగడిలో చెక్కపెట్టెల్లో గడ్డి పరిచి, కోడిగుడ్లను దాచినట్టు సేపుపండ్లను దాచిపెట్టారని చెప్పాడు. ఆయన చూశాడు, అంతే. కొనలేదు.

అప్పుడు నేను మూడో తరగతి. వానలు వెనుకబట్టిన రోజులు. మా సారు గోడకు పండ్ల పటం తగిలించి, ఎర్రటి బొమ్మ మీద బెత్తం పెట్టి, దీన్ని ఎవరైనా చూశారా అని అడిగాడు. ఎవరూ కదల్లేదు. నేను లేచాను. ఎందుకు లేచానో ఈ రోజుకీ చెప్పలేను.

"తిన్న సారూ. మా బాపు పట్నంనుంచి తెచ్చిండు. ఇంక ఇంట్ల ఉన్నయి."

ఎట్లా ఉంటుందని అడిగాడు సారు. తాటిముంజలాగా చల్లగా ఉంటుందనీ, కొరికితే మోచేతి దాకా రసం కారుతుందనీ, నడుమ మామిడిటెంకలాంటి టెంక ఉంటుందనీ చెప్పాను. సారు కూడా ఎన్నడూ తిననట్టుంది, తల ఊపి కూర్చోమన్నాడు. ఆ రోజంతా పిల్లలు నా చుట్టే తిరిగారు. నా పక్కన కూర్చునే పిల్ల, నా దోస్తు, మాత్రం ఏమీ అడగలేదు. నా వైపు చూస్తూ ఏదో ఆలోచించింది. వాళ్లమ్మానాన్నలు కూలి చేసుకునేవాళ్లు. వాళ్లమ్మ నెల రోజులుగా జ్వరంతో పడి ఉన్న సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆ సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో తోమిన గిన్నె, మీద కప్పడానికి తెల్లగుడ్డ. మా అవ్వ, అంటే మా బాపు వాళ్లమ్మ, మేక పాలు పిండుతోంది. గొంతు వినగానే నేను జొన్నల గుమ్మి వెనక్కి పోయి నక్కాను.

"అవ్వా, మీ ఇంట్ల సేపుపండ్లున్నయట గద. ఒక్కటంటే ఒక్కటి ఇయ్యరాదు? దేవరకొండ దవాఖానల డాక్టరు మా అమ్మకు పెట్టుమన్నడు."

"ఎవలు జెప్పిండ్రు బిడ్డా?"

"నీ మనుమరాలే. బడిల జెప్పింది."

అవ్వ పాలు పిండడం ఆపింది. మేక గిట్టలు నేలకు రాసుకుంటున్న చప్పుడు గుమ్మి వెనక నాకు వినబడుతోంది. అవ్వ నన్ను పిలుస్తుందనీ, ఆ పిల్ల ముందే నా వీపు పగలగొడుతుందనీ అనుకున్నాను. అట్లా చేసినా బాగుండేది.

"నువ్వు నడువు బిడ్డా. నేను, నా మనుమరాలు ఎనకనే వస్తం," అంది.

ఆ పిల్ల పోయాక అవ్వ పాలు పిండడం ముగించింది. పాలచెంబు నా చేతికిచ్చి ముందు నడిచింది. పెద్దది కదా, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తుందని నాకు ఆశ. దారిలో ఉండబట్టలేక అడిగాను.

"ఏం జెప్తవే అవ్వా?"

"నేనేం జెప్త? పండు నీది. నువ్వే జెప్పాలె."

వాళ్ల ఇల్లు ఊరి చివర. ఒకటే గది. నా దోస్తు అప్పటికే నేల అలికి, తమ్ముళ్లను బయట కూర్చోబెట్టి, కడిగిన పళ్లెం, కత్తిపీట పక్కన పెట్టుకుని ఎదురుచూస్తోంది. వాళ్లమ్మ మంచంలో ఎముకల గూడులా ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"వచ్చినవా బిడ్డా? నిన్నటి సంది నా బిడ్డ నీ పండు ముచ్చటే చెప్తాంది. ఎట్లుంటదే గది?"

అవ్వ వైపు చూశాను. అవ్వ చూరు వైపు చూస్తోంది.

"నాకు తెల్వది చిన్నమ్మా," అన్నాను. "నేను తినలే. మా ఇంట్ల లెవ్వు. అబద్ధం జెప్పిన."

ఆమె చాలాసేపు నా ముఖం చూసి, దగ్గుతూనే నవ్వింది. "నేను గూడ తినలే బిడ్డా. ఇద్దరం ఒక్కటే," అంది. నా దోస్తు నవ్వలేదు. కత్తిపీట తీసుకుపోయి గోడవారన పెట్టేసింది. అవ్వ మంచం పక్కన కూర్చుని, పాలు వెచ్చబెట్టించి, తన చేత్తో తాగించింది. ఆ రోజునుంచి నా దోస్తు వాళ్లమ్మ లేచి తిరిగేదాకా పొద్దుపొద్దునే పాలచెంబు మోసుకుపోవడం నా పని. నా దోస్తు చెంబు అందుకునేది, కడిగి తిరిగిచ్చేది. మాట మాత్రం లేదు.

అమ్మను చూసుకోవడానికి బడి మానిన నా దోస్తు కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. పిల్లలు చుట్టూ మూగి, నేను సేపుపండు ఇచ్చానా అని అడిగారు. సారు కూడా ఇటే వింటున్నాడు.

"ఇచ్చింది," అంది ఆమె. "మా అమ్మ తిన్నది. తియ్యగున్నదట."

నేను బల్ల మీదే పలక వైపు చూస్తూ కూర్చున్నాను. లేవలేదు.

ఆ ఎండాకాలమే వాళ్లు పని వెతుక్కుంటూ చిట్యాల వైపు పోయారు. మళ్లీ ఆమెను చూడలేదు. నా పెళ్లయిన కొన్నేళ్లకు దేవరకొండ అంగడికి సేపుపండ్ల పెట్టెలు రావడం మొదలైంది. మొదటిసారి కోసినప్పుడు లోపల టెంక లేదు. నాలుగు నల్లగింజలున్నాయి. ఇప్పుడవి ఏడాది పొడుగునా ప్రతి బండి మీదా ఉన్నాయి. మా మనవలు సగం కొరికి పారేస్తారు.

మా అవ్వ నన్ను వెంటబెట్టుకుపోయి ఒక ఇంట్లో నిజం చెప్పించింది. బడిలో చెప్పాల్సిన నిజం నా ఒక్కదానిదే. అక్కడ అవ్వ లేదు, నేను చెప్పలేదు. ఆ పిల్ల నా పరువు కాపాడడానికి తాను అబద్ధమాడింది. అమ్మ ప్రాణం కంటే పెద్ద సంగతులు ఉండవని ఆమెకు తెలిసిన వయసులో నేను నా గొప్ప చూసుకున్నాను. అరవై ఏళ్లు దాటినా, ఆ బల్ల మీదినుంచి లేవని నన్ను తలుచుకుంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.