కంటి ఎరుపు

షెట్లాండ్ దీవుల్లో పక్షుల బొమ్మలు గీసే ఓస్లా, కుంచె కొసను పెదవులతో తడుపుకుంటూ నేలమీద కూర్చునే గీస్తుంది. గూళ్లు తొక్కొద్దని చెప్పే పలకలన్నిటి మీదా ఆమె బొమ్మలే. వలల్లో చిక్కి చచ్చిన పక్షుల్ని జాలర్లు ఆమె గుమ్మంలో పెట్టిపోతారు. చచ్చాక కంటి రంగు నిలవదు గనక, కన్ను మాత్రం కొండమీది చెరువుల్లో బతికున్నదాన్ని చూసొచ్చి వేస్తుంది.

ఈ వేసవిలో మాగ్ని అనే కుర్ర జాలరి వలలో చచ్చిన ఒక ఎర్రమెడ పక్షిని తెచ్చాడు. ఓస్లా చెరువులన్నీ తిరిగింది. బతికున్నది ఒక్కటీ కనబడలేదు.

"కంటికి గుర్తున్న ఎరుపేదో వేసెయ్, ఓస్లక్కా."

"ఏ ఎరుపురా? ఇటుకదా, నెత్తురుదా?"

"ఏదైతేనేం? తప్పుపట్టడానికి అవి తిరిగొస్తాయా?"

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట తన చెవినే పడ్డాక, మాగ్ని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.