అది ఎలుగుబంటి సంగతి

పాల ప్యాకెట్ కోసం పొద్దున్నే వీధి చివరికి వెళితే, టీ బడ్డీ ముందు రాత్రి ఎవరో వేసుకున్న చలిమంట ఆరిపోయి, మంచుకి తడిసిన బూడిద వాసన వేస్తోంది. ఆ బూడిదలో ఒక వీధి కుక్క ముక్కుని తోక కింద దాచుకుని ముడుచుకు పడుకుంది. "ముక్కెందుకు దాచుకుందో చెప్పండర్రా?" అన్న గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. అది సుభద్ర టీచరు గారి గొంతు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నాకు నలభై దాటి, మోకాళ్లు కూడా అప్పుడే మాట వినడం మానేశాయి. అయినా నాలుగో తరగతి పిల్లలా చెయ్యెత్తి "ముక్కుకి చలేస్తుంది గనకండీ" అనబోయాను.

సుభద్ర టీచరు గారు నరసాపురంలో మా ఎలిమెంటరీ స్కూల్లో చెప్పేవారు. రోజూ పాలకొల్లు నుంచి బస్సులో వచ్చేవారు. అలిసిపోకుండా ఉన్న టీచరు గారిని నేను ఒక్కనాడూ చూడలేదు. ఇంటి దగ్గర మంచం పట్టిన అత్తగారు, బళ్లో రెండు తరగతుల పిల్లలు. కుర్చీలో కూలబడి "అమ్మయ్య, మీరు చదవండర్రా, నేను వింటాను" అని కళ్లు మూసుకునేవారు. నిద్రపోయారనుకుని ఎవరైనా ఒక వాక్యం ఎగ్గొడితే, కళ్లు తెరవకుండానే "ఆ పారిపోయిన వాక్యాన్ని కూడా పట్టుకురా నాయనా" అనేవారు. గట్టిగా కేకలు వేసే ఓపిక ఆవిడకి లేదు. అందుకేనేమో ఆవిడ మాట మాకు బాగా వినపడేది.

తొంభైల మొదట్లో బడికి ఒక ట్రంకుపెట్టె నిండా కథల పుస్తకాలు వచ్చాయి. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలని హెడ్‌మాస్టారు తాళం వేయించారు. "చదివితే చిరుగుతాయని దాచేస్తే, రేపు చెదలు తింటే ఏం జవాబు చెబుతారండీ మాస్టారూ?" అని టీచరు గారు తాళంచెవి పుచ్చుకున్నారు. వాటిలో చలికాలంలో జంతువులు ఎలా బతుకుతాయో చెప్పే పుస్తకాలు నాలుగైదు ఉండేవి. ఏ దేశం వాళ్లో రాస్తే ఎవరో తెలుగు చేసినవి. ఏ పేజీ తిప్పినా తెల్లటి మంచే. ధనుర్మాసం వస్తే తప్ప వాటిని పెట్టెలోంచి తీసేవారు కాదు. "పుష్యమాసంలో మామిడిపళ్లు తింటామా? పుస్తకానికీ కాలం ఉంటుంది" అనేవారు. చదవడం అయ్యాక మమ్మల్ని వీధిలోకి తీసుకెళ్లేవారు. గోనెపట్టా కప్పుకుని నెమరేస్తున్న గేదె, రెక్కలు ఉబ్బించుకుని ఒంటికాలి మీద నిలబడ్డ కోడి, కోతలైన చేను గట్టు మీద ఎండ కాగుతున్న పాము. పుస్తకంలో లేనివన్నీ మేము చూసొచ్చి చెప్పాలి.

ఆ పుస్తకాల్లో నాకు బాగా నచ్చింది ఎలుగుబంటి పేజీ. చలి రాకముందే అది కడుపు పగిలేలా తింటుందిట. గుహలో దూరి నెలల తరబడి నిద్రపోతుందిట. ఎవరూ లేపనక్కర్లేదట, ఎండలు ముదరగానే దానంతటదే లేస్తుందిట. ఆ మాటలు విన్న రోజు నేను ఇంటికి ఎగురుకుంటూ వెళ్లాను.

ఎందుకంటే, ఆ ఏడు కార్తీకంలో మా అమ్మకి మగపిల్లాడు పుట్టి ఆసుపత్రిలోనే పోయాడు. ఇంటికొచ్చిన అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ లేవలేదు. మా పేటలో లేసు అల్లడమంటే అమ్మ చెయ్యే చెయ్యి అనేవారు. ఇప్పుడు సూదీ దారమూ, సగం అల్లిన పువ్వుతో సహా తలగడ పక్కన పడి ఉన్నాయి. అన్నం కంచం ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చేది. నాయనమ్మ మొదట బద్ధకం అంది, తర్వాత గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. రైసుమిల్లులో గుమస్తాగా చేసే మా నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయనకి బాగా వచ్చు.

నాకు మాత్రం కారణం దొరికింది. గుహ చీకటిగా ఉండాలి కదా అని అమ్మ గది కిటికీకి దుప్పటి కట్టాను. పక్కింటి పిల్లలు ఆటలకి వస్తే నోటి మీద వేలు పెట్టి, "మా అమ్మ చలికాలం నిద్రలో ఉంది, ఉగాదికి లేస్తుంది" అని చెప్పి పంపేశాను. ఆ ఇంట్లో ధైర్యంగా తిరిగిన మనిషిని నేనొక్కదాన్నే.

సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు బళ్లో అడిగాను. "టీచరు గారండీ, ఎలుగుబంటి ఉగాదికి సరిగ్గా లేస్తుందా అండీ? కొంచెం ఆలస్యమవుతుందా?"

ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు. "ఎండని బట్టి లేస్తుంది. దానికి ఉగాదేం తెలుసే?"

"మా అమ్మకి తెలుసండీ" అన్నాను.

ఆవిడ కళ్లు తెరిచారు. నన్ను దగ్గరకి పిలిచి మెల్లిమెల్లిగా అంతా చెప్పించుకున్నారు. ఆ సాయంత్రం పాలకొల్లు బస్సు వదిలేసి, నా వెంట మా ఇంటికి వచ్చారు.

నాయనమ్మ కంగారుపడింది. "మీరొచ్చారేంటండీ టీచరు గారూ? కోడలికి కాస్త ఒంట్లో నలతండి, అంతే." టీచరు గారు తలూపి లోపలికి వెళ్లి, ముందు కిటికీకి ఉన్న దుప్పటి విప్పారు. వెలుతురు పడినా అమ్మ కదల్లేదు. మంచం పక్కన కూర్చుని, అమ్మ ముంజేతిని తన చేతిలోకి తీసుకున్నారు. గాజులు మోచేతి దాకా జారాయి.

తర్వాత నన్ను వీధి అరుగు మీదకి తీసుకొచ్చారు. "చూడమ్మా పద్మా. ఎలుగుబంటి కడుపు నిండా తిని పడుకుంటుంది. మీ అమ్మ తినడం మానేసి పడుకుంది. ఈ రెండూ ఒకటి కావు."

"అయితే పుస్తకంలో తప్పు రాశారా అండీ?"

"తప్పేం లేదు. అది ఎలుగుబంటి సంగతి. మీ అమ్మ సంగతి కాదు."

నేను భోరుమని ఏడ్చాను. అమ్మ తనంతట తను లేవదని నాకు అప్పుడే తెలిసింది. టీచరు గారు ఊరుకోబెట్టలేదు, అబద్ధం చెప్పలేదు. నాన్న మిల్లు నుంచి వచ్చేదాకా నా పక్కనే కూర్చున్నారు.

నాన్నకి రాజమండ్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరు గారి పేరు చెబితే ఆయన ముఖం పాలిపోయింది. "పిచ్చి డాక్టరు దగ్గరికాండీ? నలుగురి నోళ్లలో పడతామండీ. ఆడపిల్ల ఉంది."

"ఆడపిల్లకి తల్లి కూడా ఉండాలి కదండీ" అన్నారు టీచరు గారు. అని, మెట్టు మీద చతికిలబడ్డారు. "మీతో వాదించే ఓపిక నాకు లేదండీ. నిజంగా లేదు. నా ఇల్లే నేను లాక్కురాలేకపోతున్నాను. ఆదివారం మొదటి బస్సుకి వస్తాను, అందరం కలిసి వెళ్దాం. రాజమండ్రి బస్సు పాలకొల్లు మీదుగానే వెళ్తుంది, మీరు బయల్దేరతారన్న నమ్మకం ఉంటే అక్కడే ఎక్కుదును."

నాన్న తల దించుకున్నారు. కాదని మాత్రం అనలేదు.

ఆదివారం అన్న మాట ప్రకారం వచ్చారు. అమ్మకి తల దువ్వి, చీర మార్చి, శాలువా కప్పి, చెయ్యి పట్టుకుని బస్సెక్కించారు. అమ్మ, టీచరు గారు, మధ్యలో ఇరుక్కుని నేను. నాన్న ముందు సీటులో. అద్దం సరిగ్గా పడని కిటికీ లోంచి పొగమంచూ చలిగాలీ కొడుతున్నాయి. పాలకొల్లు దాటకముందే టీచరు గారు నిద్రపోయారు. ఆవిడ తల మెల్లిగా జారి, నా మీదుగా అమ్మ భుజం మీదకి వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. మా టీచరు గారు ఇంతగా అలిసిపోయారా అని నాకు భయం వేసింది.

అమ్మ ఆ తలని చాలాసేపు చూసింది. తర్వాత తన శాలువా అంచు లాగి, మెల్లిగా టీచరు గారి చెవుల మీదుగా కప్పింది.

"పాపం, ఏ వేళప్పుడు లేచారో" అంది.

నెలల తర్వాత అమ్మ నోట వచ్చిన మొదటి మాట అది.

అక్కడితో కథ సుఖాంతమైందని రాయాలని నాకూ ఉంది. మందులు ఉగాదికల్లా పనిచేసి అమ్మ చకచకా లేచిపోలేదు. వేసవిలో నాలుగు పువ్వులు అల్లింది, వానల్లో మళ్లీ పడుకుంది. ఒక ఏడు బాగుంటే రెండేళ్లు బాగుండదు. ఆ తర్వాతి ధనుర్మాసంలో టీచరు గారు ఎలుగుబంటి పేజీ నా చేతే చదివించారు. ఒక్క వాక్యం కూడా ఎగ్గొట్టకుండా చదివాను. "బాగా చదివావు" అన్నారు, కళ్లు మూసుకునే.

లేపడం ఒక్కసారితో అయ్యే పని కాదని ఆవిడ నాకు చెప్పలేదు. రోజూ అత్తగారిని లేపి కూర్చోబెట్టిన మనిషికి తెలియక కాదు, తొమ్మిదేళ్ల పిల్లకి ఆ బరువు ఎందుకనుకున్నారేమో. ఇప్పుడు నాన్న లేరు, అమ్మ నా దగ్గరే ఉంటోంది. చలికాలం వస్తే మందు పెంచాలి, మాట పెంచాలి. నాకూ విసుగొస్తుంది. కొన్నిసార్లు ఆ మంచం పక్కనే పడుకుని నేనూ లేవకూడదనిపిస్తుంది. కానీ దానంతటదే తగ్గుతుందిలే అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోలేను.

ఇవాళ కూడా పాలు కాచి, అమ్మ గదిలోకి వెళ్లి, "లే అమ్మా, కాస్త తిని పడుకుందువుగాని" అన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. మూడోసారికి చెయ్యి చాపింది.