ముప్పయ్యా, యాభయ్యా

మా బావ వెర్లిన్ స్టాంబా తన పికప్ బండిలో ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలో సొంతంగా తేల్చుకోలేడు. కనపడ్డ ప్రతివాడినీ అడగాల్సిందే. మనిషి దొరక్కపోతే కంచె అవతలి ఆవునైనా అడుగుతాడని మా కాటర్ క్రీక్ ఊళ్ళో చెప్పుకుంటారు. ఓక్లహోమా మొత్తమ్మీద ఆవులు మా దగ్గరే ఎక్కువ కాబట్టి అది అబద్ధమని నేను గట్టిగా అనలేను.

ఆ బండికి సూపర్‌ఛార్జర్ బిగించిన నాటి నుంచి ఈ తంటా మొదలైంది. అది ఇంజిన్ గొంతులోకి గాలిని కూరి కూరి పెట్టే యంత్రం. దాంతో బండి మునుపటికంటే బాగా లాగుతుంది, మునుపటికంటే బాగా కాగుతుంది. ముప్పై నంబరు ఆయిల్ పోస్తే ఆ వేడికి నీళ్ళలా పల్చబడి లోపల అంతా అరిగిపోతుందేమోనని మా బావకి ఒక బెంగ. యాభై నంబరు పోస్తే అది మరీ చిక్కగా ఉండి, జనవరి పొద్దుట బద్ధకంగా పైకి పాకేలోపు ఇంజిన్ ఎండిపోతుందేమోనని ఇంకో బెంగ. ఈ రెండు బెంగల మధ్యా ఊరంతా నలిగిపోయింది.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. డాక్టరు నోట్లో పట్టకారు పెట్టి, "నొప్పిగా ఉంటే చెయ్యెత్తు" అన్నాడు. బావ వెంటనే చెయ్యెత్తాడు. డాక్టరు కంగారుపడి పట్టకారు తీశాడు.

"మీ బండిలో ఏది పోస్తారండీ, ముప్పయ్యా, యాభయ్యా?" అన్నాడు బావ.

మా అక్క జోనెల్ ఒకరోజు విసిగిపోయి నిలదీసింది. "నన్ను పెళ్ళి చేసుకునేటప్పుడు ఇంత ఆలోచించలేదే?"

"నీలో రెండు నంబర్లు లేవుగా జోనెల్. ఉన్నదొక్కదానివి," అన్నాడు.

అది పొగడ్తో తిట్టో తేలక అక్క వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం బావ పోస్టుమాన్‌ని అడుగుతూ గడిపాడు.

ఇవన్నీ నేను నవ్వుకుంటూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో నవ్వలేదు. ఎందుకంటే మాది తాతల నాటి నుంచి అంత్యక్రియలు జరిపించే వ్యాపారం. ఎవరు పోయినా నల్ల కోటు వేసుకుని, గొంతు తగ్గించి, గుమ్మంలో నిలబడాల్సినవాణ్ణి నేను. మా పనికి పరువే పెట్టుబడి. మనుషులు చాలనప్పుడు శవపేటిక పట్టడానికి బావని పిలుస్తాను. ఎద్దులా బలమైనవాడు, పిలవగానే వస్తాడు. వచ్చినవాడు నోరు మూసుకుని ఉండడు. అదీ నా ఖర్మ.

హాలిస్ క్రౌస్ అంత్యక్రియలనాడు నాకు జరిగిన అవమానం పగవాడికి కూడా వద్దు. హాలిస్ బోరుబావులు తవ్వేవాడు. నలుగురికీ కావలసినవాడు, చర్చి నిండిపోయింది. ఆగస్టు ఎండ. పాస్టరు లేచి, "ఇప్పుడు ఒక కీర్తన పాడుకుందాం," అన్నాడు. సరిగ్గా అప్పుడే మా బావ పియానో దగ్గర కూర్చున్న ట్రూడీ వైపు వంగి, మెల్లగా, "ముప్పయ్యా, యాభయ్యా?" అన్నాడు.

ట్రూడీకి చెవులు కాస్త మందం. కీర్తన నంబరు అడుగుతున్నాడనుకుంది.

"యాభై," అని, పేజీ తిప్పి, రెండు చేతులతో బలంగా మొదలుపెట్టింది.

యాభయ్యో కీర్తన క్రిస్మస్ పాట. గంటలు, మంచు, గంతులు, అన్నీ ఉన్నాయి అందులో. వెనక వరసల్లో ఉన్న పిల్లలు హుషారుగా పాడేశారు. పాస్టరు నావైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూశాను. నా చెవులు ఎంత వేడెక్కాయంటే వాటిలో ఏ నంబరు పోసినా నిలిచేది కాదు.

అంతటితో ఆగితే అతను మా బావ ఎందుకవుతాడు. జనం వరసగా వెళ్ళి హాలిస్ భార్య ఐడెల్లాగారి చెయ్యి పట్టుకుని ఓ మాట చెప్పి కదులుతున్నారు. ఆవిడ ముందు వరసలో రాయిలా కూర్చుంది. పొద్దుటి నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు, ఏడవనూలేదు. బావ వంతు వచ్చింది. టోపీ తీసి, ఆవిడ ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. పోనీలే, ఈ మాత్రం మర్యాద తెలుసు అనుకున్నాను.

"ఐడెల్లాగారూ, హాలిస్ తన బండిలో ఏది పోసేవాడండీ? ముప్పయ్యా, యాభయ్యా?"

నేను బావ మోచెయ్యి పట్టుకుని పక్క తలుపులోంచి బయటికి లాక్కుపోయాను. ఐడెల్లాగారి మొహం చూసే ధైర్యం లేకపోయింది.

"నీకు సిగ్గనేది లేదా బావా?"

"అతని బండి చప్పుడు ఎప్పుడైనా విన్నావట్రా లైల్? కుట్టుమిషన్‌లా ఉండేది. అది కూడా సూపర్‌ఛార్జర్ బండే. ఏం పోసేవాడో తెలియకుండా పోతే ఎలారా?"

"పోయింది మనిషి బావా. ఆయిల్ కాదు."

"అదేగా నేనూ అనేది," అన్నాడు. ఏమన్నాడో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపికా లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఊళ్ళో దొంగలా తిరిగాను. దూరాన ట్రూడీ కనిపిస్తే రోడ్డు దాటేవాణ్ణి. ఐడెల్లాగారి ఇంటివైపు అసలు వెళ్ళలేదు. ఆవిడ బయటికే రావడం లేదని, వచ్చినవాళ్ళకి తలుపు కూడా తియ్యడం లేదని విన్నప్పుడు, దానికి కూడా మా బావే కారణమని నిశ్చయించుకున్నాను. చివరికి ఒక శనివారం మధ్యాహ్నం మనసు చిక్కబట్టుకుని, క్షమాపణ ఎలా చెప్పాలో దారి పొడుగునా వల్లెవేసుకుంటూ వెళ్ళాను.

ఆవిడ పెరట్లో మా బావ పికప్ ఉంది. బానెట్ తెరిచి ఉంది. చావు ఇంటిని కూడా వదల్లేదు వీడు అనుకుంటూ పరుగులాంటి నడకతో వెళ్ళాను. బండి కిందినుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి. మగవాళ్ళ పాత బూట్లు.

"బావా, నిన్ను నరికి మా పెట్టెలోనే పెడతాను, లే," అన్నాను.

కిందినుంచి జారుకుంటూ ఐడెల్లాగారు బయటికి వచ్చింది. తలమీద హాలిస్ టోపీ. చెంపమీద నల్లటి మరక. చేతిలో స్పానర్.

"ఎవరిని నరుకుతావయ్యా లైల్?" అంది. అంతలో షెడ్డులోంచి ఆయిల్ డబ్బాతో బావ వచ్చాడు.

నేను వల్లెవేసిందంతా ఎగిరిపోయింది. "అంత్యక్రియలనాడు మా బావ... ఆ మాట... నేను చాలా సిగ్గుపడుతున్నానండీ," అని నసిగాను.

"దేనికి?" అంది ఆవిడ. "ఊరంతా వచ్చి నా చెయ్యి పట్టుకుని పాపం అన్నారు. హాలిస్ పేరెత్తితే నేను ఏమైపోతానోనని భయం అందరికీ. నువ్వు కూడా అంతేగా. ఇదిగో, ఈ అబ్బాయి ఒక్కడే ఆయన గురించి ఏదో తెలుసుకోవాలని అడిగాడు. తలుపు తియ్యకపోతే కిటికీ దగ్గర నిలబడి మళ్ళీ అడిగాడు. జవాబు చెప్పాలంటే షెడ్డు తాళం తియ్యాల్సి వచ్చింది. ఆయన పోయాక నేను ఆ తాళం ముట్టుకోలేదు."

"ఏది పోసేవాడండీ?" అని నా నోరు నాకు తెలియకుండానే అడిగింది.

"నెత్తిన ఎండ, వెనక బరువు ఉంటే యాభై. మిగతా ఏడాదంతా ముప్పై. పెళ్ళి కావడానికి ముందు నుంచీ ఇదే పాట. వినలేక చచ్చేదాన్ని," అని నవ్వి, గరాటు కోసం షెడ్డులోకి వెళ్ళింది.

నేను వంగి బండి కిందికి చూశాను. ఇంజిన్‌లోంచి పళ్ళెంలోకి ఆయిల్ కారుతోంది. నాకు బండ్ల సంగతి తెలియదు, కానీ మాడిన ఆయిల్ నల్లగా ఉంటుందని తెలుసు. ఇది తేనెలా మెరుస్తోంది.

"బావా, ఇది కొత్త ఆయిల్ కదూ?"

బావ బానెట్‌లోకి తల దూర్చాడు.

"ఎప్పుడు పోశావు?"

"పోయిన శనివారం," అన్నాడు లోపల్నుంచి.

"అంతకుముందు?"

"ఆ ముందు శనివారం." తల బయటికి తీశాడు. ఊరందరి ముందూ ఎన్నడూ కందని మొహం అప్పుడు టమాటాలా ఉంది. ఏదో దొంగతనం చేస్తూ దొరికినట్టు నేలచూపులు చూస్తున్నాడు. "మీ అక్కకి చెప్పకురా. మంచి ఆయిల్ ఊరికే పారబోస్తున్నానని తెలిస్తే చంపేస్తుంది. ఈవిడకి అసలు చెప్పకు. చేతిలో స్పానర్ ఉంటే కానీ ఆవిడకి మాట రావట్లేదు. నేనేం చెయ్యను?"

నల్ల కోటు లోపల నా వీపంతా చెమట పట్టింది. ఎండవల్ల మాత్రం కాదు.

ఇంతలో ఐడెల్లాగారు గరాటుతో వచ్చి నన్ను నిలేసింది. "మీ శవాల బండిలో ఏం పోస్తావయ్యా?"

"తెలియదండీ. మెకానిక్ చూసుకుంటాడు."

బండి సంగతి తెలియదన్నవాణ్ణి హాలిస్ ఎలా చూసేవాడో, ఆవిడా నన్ను అలాగే చూసింది. "పై శనివారం తీసుకురా," అంది. అది అడగడం కాదు, ఆజ్ఞ.

తీసుకెళ్ళాను. పొడుగాటి నల్ల బండిని ఆవిడ గుమ్మం ముందు ఆపాను. ఆవిడా, బావా దాని కిందికి దూరారు. నేను పైన నిలబడి అడిగినవి అందిస్తున్నాను. అది చూసినవాళ్ళు ఏమనుకుంటారో నాకు తట్టనే లేదు. కాసేపటికి పక్కింటి లవాన్ నల్ల టోపీ పెట్టుకుని, చేతిలో వేడి గిన్నెతో, ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. మా ఊళ్ళో చావు ఇంటికి వండిన గిన్నె లేకుండా ఎవరూ రారు.

"ఎంత పని అయిపోయింది లైల్. నిన్న కిటికీలో కనపడిందయ్యా."

"ఎవరు?" అంటూ ఐడెల్లాగారు బండి కిందినుంచి బయటికి జారింది.

లవాన్ గిన్నె వదల్లేదు. అది మాత్రం మెచ్చుకోవాలి. దాన్ని ముందుకు చాపి, "చికెన్ తెచ్చాను," అంది.

"నేను పోయాననుకుంటే చికెన్ ఎవరికే?"

"వచ్చినవాళ్ళకి," అంది లవాన్, పూర్తిగా సిగ్గుపడిపోతూ.

వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు. వీధి మొదట్లో ఇంకో రెండు గిన్నెలు, వాటి వెనక ట్రూడీ, ఆ వెనక చేతులు కట్టుకుని పాస్టరు. బావ పికప్ వెనక తలుపు దించి గిన్నెలు వరసగా సర్దడం మొదలుపెట్టాడు. నేను అలవాటు కొద్దీ కోటు సవరించుకుని, గొంతు తగ్గించి, గుమ్మంలో నిలబడ్డాను. జీవితంలో ఎన్నోసార్లు అలా నిలబడి వచ్చినవాళ్ళకి మాట చెప్పాను. కానీ, "ఎవరూ పోలేదండీ, చేతులు కడుక్కుని రండి, భోంచేద్దాం," అని చెప్పడం మాత్రం అదే మొదటిసారి.