మా పాప గుండెలో వాల్వు

ఒంటిపూట బడుల రోజులు. రెంటచింతల బడి మెట్ల మీద మా పాప కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పటికి మూడో తరగతి. ఎండదెబ్బే అనుకున్నాం. మా ఊళ్ళో ఎవరు పడిపోయినా ముందు అదే అనుకుంటారు.

నరసరావుపేట డాక్టరు స్టెతస్కోపు పెట్టి చానాసేపు విన్నాడు. గుండెకి ఎకో స్కాను తీశాడు. "గుండెలో వాల్వు సన్నబడిందమ్మా. దాని రెక్కలు ఎట్టా ఉన్నాయో ఇందులో సరిగా కనపట్లేదు. గుంటూరులో ఎమ్మారై తీయించండి" అన్నాడు.

గుంటూరులో మత్తు ఇవ్వడానికి భయపడ్డారు. ఆ గుండె తట్టుకోలేదేమోనని. మెలకువతోనే తీయాలి. చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి, కదలకూడదు. ఎనిమిదేళ్ళ పిల్ల!

లోపలికి పంపగానే మిషన్ దడదడలాడింది. "అమ్మా, తీసెయ్, నన్ను తీసెయ్" అని ఒకటే ఏడుపు. స్కానింగ్ చేసే అమ్మాయి బయటికొచ్చి, "బొమ్మంతా చెదిరిపోయిందండీ. ఇట్టాగైతే ఇవాళ కాదు" అంది.

ఆమె చేతులు పట్టుకుని, "నన్ను కూడా లోపలికి రానీ తల్లీ" అని బతిమాలాను. చెవి కమ్మలు, జడపిన్నులు అన్నీ తీయించి రానిచ్చింది.

ఆ మోతలో నా మాట పాపకి వినపడదు. అందుకే ముందే చెప్పాను: "నీ పాదం నొక్కితే ఊపిరి ఆపు, వదిలితే పీల్చుకో." అద్దం అవతల ఆ అమ్మాయి చెయ్యెత్తినప్పుడల్లా నొక్కాను, నొక్కిన ప్రతిసారీ నేనూ ఊపిరి ఆపాను. ప్రభువా, ఈ ఒక్కసారి, ఈ ఒక్కసారి అనుకుంటూనే ఉన్నాను. చల్లటి గదిలో నా చీర చెమటకి తడిసిపోయింది. పాప కదల్లేదు.

సాయంత్రం పెద్ద డాక్టరు నన్నూ మా ఆయన్నీ కూర్చోబెట్టి కంప్యూటర్లో చూపించాడు. బూడిదరంగులో గుండె కొట్టుకుంటోంది. మూడు రెక్కలుండాల్సిన చోట రెండు అతుక్కుపోయి, చొక్కా కాజా అంత సందు మిగిలింది. నా బిడ్డ ఒంట్లోని నెత్తురంతా అందులోంచే పోవాలి.

"బాగవుతుందా సార్?" మా ఆయన అడిగాడు.

"తొడ దగ్గర నరంలోంచి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి తెరుస్తాం. కానీ వాల్వు చానా చిన్నది. చిరిగితే నెత్తురు వెనక్కి కారుతుంది. పెద్దయ్యాక మార్చాల్సి రావచ్చు."

తెరిచారు. సందు పెద్దదైంది. భయపడినట్టే కాస్త కారుతోంది. పాప బడికి పోతోంది, పరుగులు మాత్రం వద్దన్నారు. ఆటల పీరియడ్‌లో గోడ పక్కన ఒక్కతే కూర్చుంటుందని వాళ్ళ టీచరు చెప్పింది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం దిగలేదు.