ఆమేన్ ఆలస్యమైన ఆదివారం

ముందుగా దేవునికి స్తోత్రం. డెబ్బై రెండేళ్ళు నన్ను నడిపించాడు. చివరి పదేళ్ళు బాగా నెమ్మదిగా నడిపించాడు, అందుకూ స్తోత్రం. కళ్ళు ఉంచాడు, వాక్యం చదువుకుంటున్నాను. పళ్ళు తీసుకున్నాడు, జొన్నరొట్టె మీద ఆశ చచ్చింది. నోరు మాత్రం ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచాడు. దాన్ని ఎందుకు ఉంచాడో ఆ ఆదివారం దాకా నాకూ తెలియలేదు.

ముప్పై ఏళ్ళు నల్లగొండ వైపు పల్లెల్లో కాలినడకన తిరిగి వాక్యం చెప్పినదాన్ని. ఆ నడకంతా మోకాళ్ళు గుర్తుపెట్టుకున్నాయని పని మానేశాకే తెలిసింది. భర్త పోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెంకుటింట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. పిల్లలు లేరు. ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఇది మా సంఘంలో చాలామందికి నచ్చేది కాదు. విశ్వాసులకు దిక్కులేనివాళ్ళంటే ప్రేమ, విధవలంటే మరీ ప్రేమ. తన అన్నం తానే వండుకుని, బాగానే ఉన్నానని చెప్పే విధవరాలిని ఏం చేసుకోవాలో మాత్రం వాళ్ళకు తోచదు.

బాగానే ఉండడమంటే ఏమిటో కూడా చెప్పాలి. నేను నేలమీద కూర్చోలేను. కూర్చుంటే లేవలేను. లోకమంతా నేలమీదే నడుస్తుందని అప్పుడు అర్థమైంది: వంట నేలమీద, స్నానం నేలమీద, తిండి నేలమీద, ఆఖరికి దొడ్డి కూడా నేలమీదే. కిరసనాయిలు స్టవ్వును బల్లమీదికి ఎక్కించాను. వడ్రంగిని పిలిచి ఒక పాత కుర్చీకి నడుమ గుండ్రంగా కోయించాను. ఆ కుర్చీ గురించి ఇంతకంటే చెప్పను, దాని సేవ దేవునికి తెలుసు. వాకిట్లో నల్లా నుంచి బకెట్టు మోయలేను కనుక చెంబుతో తెచ్చుకునేదాన్ని. ఒక బకెట్టు నిండడానికి పద్నాలుగు చెంబులు. స్నానం చేసే ఓపిక అందులోనే అయిపోయేది.

నేలమీద పడ్డ వస్తువు ఇక నాది కాదు. చెంచా పడితే, దువ్వెన పడితే, ఎవరైనా పరామర్శకు వచ్చేదాకా అవి అక్కడే కాపురం. వచ్చినవాళ్ళు మోకాళ్ళకు మందు చెప్పకుండా పోయేవారు కాదు. ఒకరు వావిలాకు అన్నారు, ఒకరు కర్పూరం కలిపిన నువ్వులనూనె అన్నారు. ఒక సహోదరి మాత్రం ఒప్పుకోని పాపం ఏదో కీళ్ళలో దాగి ఉందేమో వెతుక్కొమ్మంది. ఏ మోకాలిలోనో కూడా చెబితే అక్కడే వెతుకుతానన్నాను. ఆమె మళ్ళీ రాలేదు. నేలమీది దువ్వెన తీసివ్వకుండానే పోయింది, అదొక్కటే బాధ.

అలా ఉండగా అరవై తొమ్మిది, తెలంగాణ గొడవల ఏడాది వచ్చింది. బళ్ళు మూతపడ్డాయి, బస్సులు తగలబడ్డాయి, ఎప్పుడు బందో ఎప్పుడు కర్ఫ్యూనో రేడియోకే తెలిసేది. మా ప్రార్థనా మందిరం ఎల్‌బీ నగర్ దగ్గర, ద్రాక్షతోటల పక్కన, రేకుల షెడ్డు. బస్సు ఉంటే వెళ్ళేదాన్ని, కండక్టరు చెయ్యందించి ఎక్కించేవాడు. బస్సు లేదు కనుక మూడు నెలలు ఆరాధనకు వెళ్ళలేదు. నేను కనిపించకపోయేసరికి సంఘానికి నా మీద ప్రేమ పొంగింది. ఒకరోజు సంఘపెద్ద సైకిలు మీద వచ్చాడు.

“పెద్దమ్మా, కమిటీల అనుకున్నం. మన వృద్ధాశ్రమంల మంచం ఒకటి ఖాళీ అయింది.”

మంచం ఎలా ఖాళీ అయిందో నేను అడగలేదు.

“యాళ్ళకు తిండి పెడ్తరు. గంట కొడ్తే ప్రార్థన. నీకేం పరేషాన్ ఉండది,” అన్నాడు.

“పరేషానే లేకుంటే ప్రార్థన దేనికి బిడ్డా?” అన్నాను.

అతను నవ్వలేదు. ఆదివారం పాస్టరు అయ్యగారితో కలిసి వస్తామని, నేను ఒక్కదాన్నే ఉండగలనో లేదో చూసి, ప్రార్థన చేసి తేలుస్తామని చెప్పి వెళ్ళాడు. ప్రార్థన చేసి తేల్చడమంటే తేల్చుకుని ప్రార్థన చేయడమని సంఘంలో పెరిగినవాళ్ళందరికీ తెలుసు.

ఆ ఆశ్రమం నాకు కొత్త కాదు. పూర్వం అక్కడికి వాక్యం చెప్పడానికి వెళ్ళాను. వంద మైళ్ళ దూరం. ఒకే హాలులో వరసగా ఇరవై మంచాలు. వాళ్ళు మంచివాళ్ళు, నా భయం కూడా అదే. లేచే గంట, తాగే గంట, పడుకునే గంట, అన్నీ మంచితనంతోనే కొడతారు. నాకు కావలసింది చాలా చిన్నది. నా తలుపుకు నేనే గడియ పెట్టుకోవాలి, నేను లేచినప్పుడే తెల్లవారాలి. అదొక్కటి పోతే నాకింకేమీ మిగలదని ఆ వారమంతా నిద్ర పట్టలేదు.

వెనక గదిలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన జంట ఉండేది. ఆయనకు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఆవిడకు ముప్పై ఏళ్ళుంటాయి. ఇంట్లో దేవుడి పటాలన్నిటికీ దండం పెట్టుకుని, చివర్లో నా గదివైపు కూడా ఒకటి పెట్టేది, ఏ దేవుడికీ లోటు రాకూడదని. ఎదురుగోడ మీద ఎవరో తారుతో, ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని రాశారు. పొద్దున ముగ్గు వేయడానికి వచ్చినప్పుడల్లా ఆవిడ దాన్ని చదవాల్సిందే. ఆవిడకు ఆశ్రమం సంగతి చెప్పాను.

“మీకు కమిటీ చెప్పింది, మాకు గోడ చెప్పింది,” అంది ఆవిడ. “మీ కమిటీయే నయం మామ్మగారూ, తారు పూయలేదు.”

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. నేను ఉద్యమానికి ఎదురు కాదు. మా చెల్లెలి కొడుకు డిగ్రీ చదివి, ఉద్యోగం లేక అరుగు అరగదీస్తున్నాడు. మా ఉద్యోగాలు మా పిల్లలకే రావాలని, వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోవాలని నేనూ రోజూ ప్రార్థించేదాన్ని. ఆ ప్రార్థన ముగించి, ఆవిడ ఇచ్చిన గోంగూర పచ్చడితో అన్నం తినేదాన్ని. పచ్చడి బాగుండేది.

ఆదివారానికి ఆవిడ నాకొక సలహా ఇచ్చింది. “మీరు ఆ చేతుల కుర్చీ దిగకండి మామ్మగారూ. కుర్చీలో ఉన్నంతసేపూ మీరు కలెక్టరుగారి తల్లిలా ఉంటారు. దిగితేనే గొడవ.”

ఇంత తెలివైన మాట నాకు ఏ బోధకుడూ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి వచ్చారు. అరవై దాటిన భారీ మనిషి మా అయ్యగారు, సంఘపెద్ద, అతని భార్య. ఎల్‌బీ నగర్ నుంచి నడిచే వచ్చారు. ఆరింటికి కర్ఫ్యూ, అంతలోపల మళ్ళీ నడిచి ఇల్లు చేరాలి. టీ నేనే కాచి, ఒక్కొక్క గ్లాసే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని తెచ్చిచ్చాను. ఒక్క చుక్క ఒలకలేదు. సంఘపెద్ద భార్య బియ్యం డబ్బా మూత తీసి చూసింది, కిరసనాయిలు డబ్బా ఊపి చూసింది, ఆ తర్వాత వంగి మంచం కింద చూసింది. రెండు చెంచాలు, దువ్వెన, కళ్ళజోడు పెట్టె బయటికి తీసింది.

“గివి ఎప్పటియి పెద్దమ్మా?”

“నువ్వు పోయిన వారమే వస్తవనుకున్న,” అన్నాను.

అయ్యగారు గ్లాసు చాటున నవ్వారు. పని సగం గెలిచినట్టే అనిపించింది. మిగిలింది ప్రార్థన ఒక్కటే.

మా సంఘంలో ప్రార్థనంటే మోకాళ్ళమీదే, బండలమీదే, చాప కూడా ఉండదు. ఒకరి తర్వాత ఒకరు చేస్తారు. అందరికంటే పెద్దవాళ్ళు ఆఖరున చేసి ఆమేన్ చెప్పేదాకా ఎవరూ లేవకూడదు. మధ్యలో ఆపితే ఆత్మను ఆపినట్టు. ముసలివాళ్ళకు కూర్చునే వీలుంది. ఆ వీలునే సంఘపెద్ద నాకు గుర్తుచేశాడు.

“నువ్వు కూసోనే ఉండు పెద్దమ్మా. నీతోని కాదు గద.”

ఎంత మెత్తగా అన్నాడో. తిట్టి ఉంటే ఊరుకునేదాన్నేమో. కుర్చీ చెయ్యి పట్టుకుని కిందికి దిగాను. దిగడం ఎవరికైనా వస్తుంది, గోడమీది పటానికి కూడా వస్తుంది.

సంఘపెద్ద ముందు చేశాడు. కమిటీ తీర్మానాన్ని దేవునికి వినిపించి, దానికి ఆయన ఒప్పుకోలు అడిగాడు. అతని భార్య నా ఒంటరితనానికి ఏడ్చింది. అయ్యగారు పొదుపుగా ముగించి నా వంతు ఇచ్చారు. నేను నోరు తెరిచేసరికి మోకాళ్ళ కింద కాళ్ళు లేవు. ఉన్నాయి గానీ, నావి కావు.

పడితే లేవడానికి నాకొక పద్ధతి ఉంది. పసిపిల్లలా చేతులమీద పాకి మంచం దగ్గరికి పోవాలి, రొమ్ము మంచంమీద ఆనించాలి, పట్టె పట్టుకుని, మూలుగుతూ, ఒక్కొక్క కాలినే బతిమాలుకోవాలి. పది నిమిషాలు పడుతుంది. ఎవరూ చూడనప్పుడు అదొక ఉపాయం. కమిటీ చూస్తుండగా అదే తీర్పు. నేను ఆమేన్ అనగానే అందరూ లేచి నావైపు చూస్తారు. కాబట్టి ఆమేన్ అనకూడదని నిశ్చయించుకున్నాను.

సంఘం కోసం ప్రార్థించాను. షెడ్డు రేకుల కోసం, అయ్యగారి రక్తపోటు కోసం, సంఘపెద్ద సైకిలు కోసం ప్రార్థించాను. చదువు పోయిన విద్యార్థుల కోసం, వాళ్ళను కొట్టే పోలీసుల కోసం, మంత్రులకు కాస్త బుద్ధి కోసం ప్రార్థించాను. నేను ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా సంఘపెద్ద ఆశగా “ఆమేన్” అన్నాడు. నేను ప్రార్థనలోనే తూర్పు దేశాలకు వెళ్ళాను, ద్వీపాలకు వెళ్ళాను. వీధిలో పోలీసు జీపు మైకులో కర్ఫ్యూ వేళ చెబుతూ పోయింది. ఆ జీపు కోసం కూడా ప్రార్థించాను. అప్పుడు సంఘపెద్ద భార్య వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. “స్తోత్రం, ముసలమ్మ మీదికి ఆత్మ దిగింది,” అంది మొగుడితో. ముప్పై ఏళ్ళ నా సేవలో ఎవరూ నా గురించి అలా అనలేదు. అన్నది కూడా నేను దేవుని ఎదుట దొంగాట ఆడుతున్నప్పుడే.

ఆ మాటకు నా నోరు ఆగిపోయింది. ప్రార్థించడానికి ఇక దేశాలు లేవు. నిజం ఒక్కటే మిగిలింది.

“ప్రభువా,” అన్నాను, “నాకు లేవ చాతనైతలేదు. వీళ్ళు చూస్తరని ఇంతసేపు వాగిన. నన్ను క్షమించు. ఆమేన్.”

ఎవరూ లేవలేదు. కళ్ళు తెరిచి చూస్తే అయ్యగారు రెండు చేతులూ బండమీద ఆనించి నాలాగే ఉన్నారు, ముఖం ఎర్రబడింది. సంఘపెద్ద ఒక కాలు లేపి, తిమ్మిరికి తట్టుకోలేక మళ్ళీ దించాడు. నలభై నిమిషాలు బండమీద మోకరించాక కమిటీ మొత్తం నా వయసుకు వచ్చేసింది.

జీపు మాట విని వెనక గదావిడ తలుపు తోసుకుని వచ్చింది. మమ్మల్ని చూసి నేరుగా నా వెనకకు వచ్చి, చంకల కింద చేతులు వేసి, లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంకో కుర్చీని అయ్యగారి ముందుకు జరిపింది. ఆయన దాన్ని పట్టుకుని లేచారు. సంఘపెద్దను అతని భార్య లాగింది.

“చూసిన్రా అయ్యగారూ, నే చెప్పలే?” అన్నాడు సంఘపెద్ద, కాలు రుద్దుకుంటూ.

అయ్యగారు తన మోకాలు చూసుకున్నారు. “ఆశ్రమంల అందరు ఇసొంటోళ్ళే గదయ్యా,” అన్నారు. “ఆడ ఎవరు ఎవర్ని లేపుతరు?” తర్వాత ఆవిడవైపు తిరిగి, రోజూ మీరే చూసుకుంటున్నారా అని అడిగారు.

“ఆవిడ పని ఆవిడే చేసుకుంటారండీ,” అంది. “నేను పొద్దున్నే గోడ కొడతాను, ఆవిడ తిరిగి కొడతారు. కొట్టకపోతే వస్తాను. అంతే.”

అలాంటి ఏర్పాటు మాకు ఎన్నడూ లేదు. అప్పటికప్పుడు ఆవిడ పుట్టించింది. అబద్ధం పాపమని ముప్పై ఏళ్ళు ఊరూరా చెప్పిన నేను, “అవునయ్యా,” అన్నాను. క్షమించమని అడిగి అయిదు నిమిషాలు కూడా కాలేదు.

సంఘపెద్ద భార్య మామూలు మనిషి కాదు. “లోపల గడియ ఉంటే ఎట్ల వస్తవమ్మా?” అంది.

ఆవిడ నావైపు చూసింది. అందరూ నావైపే చూశారు. నేను తలుపు గడియవైపు చూశాను.

“ఇయ్యాల్టి సంది గడియ పెట్టను,” అన్నాను.

ఆవిడ వెనక గదిలో ఉన్నంతకాలం నేను ఇక్కడే ఉండవచ్చని, మోకరించడం మాత్రం మానాలని అయ్యగారు తేల్చి, కర్ఫ్యూకు ముందే ఇల్లు చేరాలని కుంటుకుంటూ బయల్దేరారు. మర్నాడు ఆరింటికి గోడమీద రోకలిబండ చప్పుడైంది. ఆడిన అబద్ధాన్ని ఆవిడ నిజం చేసింది. మూడేళ్ళయింది, ఒక్కరోజు మానలేదు. కొన్ని పొద్దులు మెలకువగానే ఉండి తిరిగి కొట్టను. చిరాకుపడుతూ వస్తుంది, వచ్చింది గనుక టీ పెడుతుంది.

అప్పటినుంచి నా ప్రార్థన మారింది. మారిందంటే పెద్ద మనసేమీ రాలేదు. ఉద్యోగాలు మా పిల్లలకే ఇవ్వు, న్యాయం చెయ్యి, వెనక గదివాళ్ళను మాత్రం కదిలించకు అని అడుగుతున్నాను. ఇలాంటి మినహాయింపు ఇచ్చే దేవుడెవరైనా ఉంటే అది మన దేవుడే. ఇప్పుడు వెనక గది గుమాస్తాగారికి బదిలీ కాగితం వస్తుందని అంటున్నారు. సంఘానికి ఇంకా తెలియదు. చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, మీరున్నచోటే కూర్చుని నాతోపాటు ఒక్కమాట అడగండి: ప్రభువా, ఆ కాగితంమీద సంతకం చేయవలసిన దొరగారికి మంచి ఆరోగ్యమిచ్చి, దీర్ఘమైన సెలవు కూడా ఇవ్వు.