మిషన్‌కు బొట్టు

కేజీఎఫ్‌లోని మా వడ్రంగి షెడ్డులో డ్రమ్ శాండర్ ఉంది. ఉప్పుకాగితం చుట్టిన రోలరు గిర్రున తిరుగుతూ చెక్కను నున్నగా చేస్తుంది. మొన్న ఆయుధపూజ మర్నాటి నుంచి అది ప్రతి చెక్క మీదా ఒకే చోట నల్లటి కాలిన చార గీయసాగింది. లోతు తగ్గించాను, వేగం మార్చాను, మిషన్ అమ్మినవాణ్ణి ఫోన్లో నానా మాటలూ అన్నాను. చివరికి మూత తీసి చూస్తే, ఉప్పుకాగితం మీద గట్టిపడిన గంధం బొట్టు!

"ఎవరమ్మా దీనికి బొట్టు పెట్టింది?" అని అరిచాను.

"నేనే. పనిచేసేది అది కదప్పా, మూతకు పెడితే ఏం లాభం?" అంది అమ్మ.

కాగితం మార్చాను. చార మాయమైంది.

అమ్మ దండం పెట్టుకుంది. "చూసినావా, పూజ చేసినాను కాబట్టే ఒక్క కాగితంతో పోయింది."